గేటు దగ్గర నిలబడ్డ అమ్మానాన్నలు

ప్రశ్న: మల్కాజిగిరిలో మా కాలనీ కమ్యూనిటీ హాలులో ప్రతి ఆదివారం పొద్దున స్కౌట్స్ అండ్ గైడ్స్ ఓపెన్ గ్రూపు (ఏ బడికీ చెందనిది) నడుపుతున్నాను. కబ్బులు, బుల్‌బుల్‌లు (పదేళ్ళ లోపు అబ్బాయిలు, అమ్మాయిలు), వాళ్ళకన్నా పెద్దవాళ్ళైన స్కౌట్లు, గైడ్లు అంతా కలిపి నలభై మంది ఉంటారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, చిన్నప్పుడు స్కౌట్‌ని. ఏటా జూన్‌లో బడులు తెరవగానే పది పదిహేను కొత్త కుటుంబాలు వస్తాయి. మొదటి ఆదివారం వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ పెట్టి, స్కౌటింగ్ చరిత్ర, సోపానాలు, నియమాలు నలభై నిమిషాలు వివరంగా చెప్తాను. బాగుంది సార్ అంటారు. వినాయక చవితి నాటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. ఉన్నవాళ్ళు అడిగేది కూడా ఒకటే: "సర్టిఫికెట్ ఎప్పుడిస్తరు సార్?" విసుగొస్తోంది. ఈసారి కొత్తవాళ్ళకు ఎలా పరిచయం చెయ్యాలి?
ఒక స్కౌట్ మాస్టర్, మల్కాజిగిరి

సమాధానం:

మాస్టారూ,

ముందు ఆ ప్రొజెక్టర్ ఎవరి దగ్గర తెచ్చారో వాళ్ళకు ఇచ్చెయ్యండి. సొంతమే అయితే అటక మీద పెట్టండి.

మీ నలభై నిమిషాల్లో ఏముంటుందో మీరు రాయకపోయినా నాకు తెలుసు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా నేనూ ఒక బడిలో కబ్బుల్నీ బుల్‌బుల్‌లనీ చూసుకున్నదాన్ని, జూన్ రాగానే అదే పాఠం అప్పజెప్పినదాన్ని. 1907, ఇంగ్లండ్‌లో బ్రౌన్‌సీ దీవి, ఇరవై మంది పిల్లలతో మొదటి క్యాంపు, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ దొరగారు. అక్కణ్ణుంచి 1950 నవంబర్ 7, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పుట్టుక. ఆపైన పిల్లలు ఎక్కాల్సిన మెట్లు: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, రాజ్య పురస్కార్, చివరికి రాష్ట్రపతి అవార్డు. ఈలోగా వెనక వరసలో ఎవరి ఫోనో మోగుతుంది, ఓ చిన్నది "అమ్మా, పోదాం" అని చున్నీ లాగుతుంది. మనం ఇంకా పదకొండో స్లైడు దగ్గరే ఉంటాం. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ టిఫిను కూడా తినకుండా ఇద్దరు పిల్లల్ని బండి మీద వేసుకొచ్చిన మనిషి మనసులో ఉన్న ప్రశ్నలు వేరు. మా వాడు ఎవరి పక్కన నిలబడాలి? నేను ఉండాలా, వెళ్ళిపోవాలా? ఏదన్నా అడగాలంటే ఎవర్ని అడగాలి?

ఈ సంగతి నాకు సొంతంగా తట్టలేదు, ఒకావిడ చెప్తే తెలిసింది. చాలా ఏళ్ళ కిందటి మాట. తార్నాకలో కూరగాయల బండి దగ్గర కనిపించింది. కూతుర్ని మూడు ఆదివారాలు తీసుకొచ్చి మానిపించిన తల్లి. ఏమ్మా, పాపను ఎందుకు మానిపించారు అని అడిగాను. ఆవిడ బెండకాయల కొసలు విరిచి చూసుకుంటూ, నా మొహం చూడకుండానే చెప్పింది: "పాపకు మంచిగనే ఉండె మేడం. నాకే సమజ్ గాలే. గంటన్నర యాడ నిలబడాల్నో తెల్వకపాయె. లోపలికొస్తే ఏమన్నా అనుకుంటరేమో అని గేటు కాడ్నే నిలబడ్డ. మూడు వారాలు ఎవ్వరు పలకరియ్యలే." ఆ ఎవ్వరులో మొదటిదాన్ని నేను. చూడలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి, మూడు వారాలూ చూశాను. నీలం చీర, చేతిలో ఎర్ర మూత వాటర్ బాటిల్. నేనేమో వాళ్ళ పాపకు మూడు వేళ్ళ సెల్యూట్ సరిచేస్తూ ఉన్నాను.

మీ దగ్గర చవితి నాటికి మాయమైపోయినవాళ్ళలో సగం మంది ఇలాంటివాళ్ళే అయ్యుంటారని నా అనుమానం. స్కౌటింగ్ అర్థం కాక మానినవాళ్ళు కారు వాళ్ళు. అందుకని మొదటి ఆదివారం స్కౌటింగ్‌ని పక్కన పెట్టండి. కొత్త కుటుంబానికి ఒక మనిషిని పరిచయం చెయ్యండి, చేతికి ఒక పని ఇవ్వండి.

ఆ మనిషి మీరు కాకూడదు. మీకు ఆ పూట నలభై మంది పిల్లలు, జెండా తాడు, రాని అసిస్టెంటు, తాళం చెవి పట్టుకెళ్ళిన వాచ్‌మన్, వంద ఉంటాయి. పైగా మిమ్మల్ని అడగడానికి వాళ్ళకు మొహమాటం. "మా వాడు ఇంకా రాత్రి పక్క తడుపుతాడు, క్యాంపుకి పంపొచ్చా" అని ఏ తల్లీ స్కౌట్ మాస్టర్‌ని అడగదు, ఇంకో తల్లిని అడుగుతుంది. నిరుడు చేరి నిలబడిపోయిన కుటుంబాల్లోంచి నలుగురైదుగుర్ని ఎంచుకోండి. బాగా మాట్లాడేవాళ్ళు అక్కర్లేదు, బాగా మాట్లాడేవాళ్ళు అవతలివాళ్ళను మాట్లాడనివ్వరు. ఒక్కొక్కరికి రెండేసి కొత్త కుటుంబాలు, అంతకు మించి వద్దు. జత కుదిర్చేటప్పుడు వీధి చూడండి, పిల్లల బడి చూడండి, ఇంట్లో మాట్లాడే భాష చూడండి. మీ వైపు తెలుగువాళ్ళతో పాటు ఉర్దూ, తమిళం, ఒడియా మాట్లాడే ఇళ్ళూ ఉంటాయి. రైల్వే కుటుంబాలైతే చెప్పనే అక్కర్లేదు. భారత్ స్కౌట్స్‌లో రైల్వే జోన్లకు రాష్ట్రాలతో సమానంగా సొంత శాఖలుంటాయి, దక్షిణ మధ్య రైల్వేకూ ఉంది. ఆ ఇళ్ళలో ఏ మేనమామో, బాబాయో ఒకప్పుడు స్కార్ఫ్ కట్టినవాడే అయ్యుంటాడు. మీకన్నా వాళ్ళే బాగా చెప్తారు.

ఆ పాత కుటుంబం చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు. మొదటి రోజు గేటు దగ్గర ఎదురెళ్ళడం, పేరు పెట్టి పిలవడం, పక్కన ఉండడం. తర్వాత మూడు శనివారాలు సాయంత్రం ఒక ఫోను: "రేపు వస్తున్నరు కదా అక్కా?" మెసేజ్ పనికిరాదు, ఫోనే చెయ్యాలి. మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ పెట్టి పడుకుంటారు. ఫోనులో "వస్తం" అని నోటితో అన్న మనిషి మటుకు చాలావరకు వస్తాడు.

ఇక పని. నేను అన్నీ చేసి చూశాను, గడ్డి మీద ఆటలు, పాటలు, వంట. అన్నిటికన్నా పనిచేసింది స్కార్ఫ్. ఇలా చెయ్యండి. పదకొండు పన్నెండేళ్ళ గైడ్ని ఒకమ్మాయిని పిలవండి. కొత్తగా వచ్చిన తండ్రుల్లో కాస్త బింకంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాయన ఒకాయన తప్పకుండా ఉంటాడు, ఆయన్ని ముందుకు రమ్మనండి. "సార్ బండి మీంచి పడ్డారు, మోచేయి కింద ఎముక విరిగింది, ఏం చేస్తావ్?" అని ఆ అమ్మాయిని అడగండి. అది తన మెడలోంచి స్కార్ఫ్ తీస్తుంది. తీసి విప్పితే మూడు కోణాల బట్ట. దెబ్బ తగిలిన చేతిని ఛాతీకి అడ్డంగా, అరచెయ్యి మోచేతికన్నా కొంచెం ఎత్తుగా పట్టుకోమంటుంది. బట్టను చేతి కింద నుంచి తెచ్చి, కింది కొసను పైకి మడిచి, రెండు కొసలూ మెడ పక్కన కలిపి ముడేస్తుంది. ఇక్కడ మీరు ఆపండి. ముడి మెడ వెనక ఎముక మీద ఎందుకు వెయ్యలేదు, పక్కన గుంటలో ఎందుకు వేశావ్ అని అడగండి. "వెనక వేస్తే ఎముక మీద ఒత్తుకుంటుంది సార్, పడుకున్నా గుచ్చుకుంటుంది" అంటుంది. ఏ ముడి? రీఫ్ నాట్. ఎడమ కొస కుడి మీద, మళ్ళీ కుడి కొస ఎడమ మీద. చదునుగా ఉంటుంది, ఒరుసుకోదు, విప్పాలంటే ఒక కొసను అడ్డంగా లాగితే చాలు.

ఇప్పుడు తాడు ముక్కలు పంచండి, తల్లికొకటి, తండ్రికొకటి, పిల్లాడికొకటి. అదే ముడి వెయ్యమనండి. పెద్దవాళ్ళలో సగానికి పైగా రెండుసార్లూ ఒకే చెయ్యి పైకి తెస్తారు. చూడ్డానికి ముడిలాగే ఉంటుంది, లాగితే జారుతుంది. తండ్రిది జారి కొడుకుది నిలబడితే ఆ పూట మీరు ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంటికెళ్ళాక ఆ తండ్రి లుంగీ అంచుతో ముడి వేసి చూసుకుంటాడు, నాదీ హామీ.

స్కార్ఫ్ ఎందుకు, శిక్షణ ఎందుకు, పిల్లలు ఏం నేర్చుకుంటారు అని మీరు స్లైడ్లలో పెట్టినవన్నీ ఆ ఐదు నిమిషాల్లో అయిపోతాయి. కొత్తవాళ్ళకు చరిత్ర ఏదన్నా చెప్పి తీరాలనిపిస్తే ఒక్కటి చెప్పండి: భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ మొదటి జాతీయ జంబోరీ, అంటే దేశమంతటి స్కౌట్లూ గైడ్లూ కలిసే పెద్ద క్యాంపు, 1953లో జరిగింది మన హైదరాబాదులోనే. తాతయ్యలెవరన్నా వచ్చి ఉంటే ఆ ముక్కకు తలెత్తి చూస్తారు.

తాతయ్యలంటే గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి సంగతి ముందే చెప్పి ఉంచండి. ఒకసారి మా కబ్ ఒకడు, ఎనిమిదేళ్ళవాడు, కొత్తగా చేరిన పిల్లాడి తాతగారికి ఎంతో మర్యాదగా ఎడమ చెయ్యి చాచాడు. ఆయన మొహం మాడిపోయింది. "పెద్దవాళ్ళకు ఎడమ చెయ్యి ఇస్తారట్రా? ఇదేనా మీ మేడం నేర్పింది?" వాడు బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు. మన ఇళ్ళలో ఎడమ చేత్తో చిల్లర ఇచ్చినా కసురుకుంటారు, ప్రసాదం అయితే చెప్పనే వద్దు. స్కౌట్లది ఎడమ చేతి కరచాలనమని, ఎడమ చేతిలో డాలు ఉండేదని, డాలు వదిలేసి చెయ్యి కలిపితే నిన్ను నమ్మానని అర్థమని బేడెన్ పవెల్ చెప్పిన కథ ఉందని ముందే చెప్పి ఉంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. తర్వాత చెప్తే సంజాయిషీ అయింది. పిల్లలకు కూడా చెప్పండి, స్కౌట్లు కానివాళ్ళకు నమస్కారమే పెట్టమని.

సర్టిఫికెట్ గురించి. మీరు విసుక్కుంటున్నారు గానీ, నాకు ఆ ప్రశ్నలో తప్పేం కనపడదు. ఈ ఊళ్ళో అబాకస్, చెస్, కరాటే దేనికి ఫీజు కట్టినా మూడు నెలలకో కాగితం చేతిలో పెడతారు. తల్లిదండ్రులు అదే లెక్కలో అడుగుతారు. నసగకుండా సూటిగా చెప్పండి. ప్రవేశ్ రావడానికే మూడు నెలలు వస్తూ పోతూ ఉండాలి. తర్వాత ఒక్కో సోపానానికి నెలలు, రాష్ట్రపతి దాకా పోవాలంటే ఏళ్ళు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్న మాట నిజమే, దానికి రాష్ట్రపతి అవార్డు స్థాయి కావాలి, ఏళ్ళ తరబడి చురుగ్గా ఉండాలి, జాతీయ స్థాయి కార్యక్రమాల్లో పాల్గొని ఉండాలి. నాలుగో తరగతి పిల్లాడికి ఇప్పుడు దాన్ని చూపించి చేర్పించకండి. అలా చేరినవాళ్ళే ముందు పోతారు. "ఆర్నెల్ల దాకా ఏ కాగితమూ రాదు, వాడి బూటు లేసు మాత్రం వాడే కట్టుకుంటాడు" అని నేను చెప్పేదాన్ని. కొందరు అక్కడికక్కడే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళనిచ్చేదాన్ని.

లేసు అంటే గుర్తొచ్చింది, కొత్త తల్లులు మైదానం మధ్యలోకి వచ్చి లేసులు కట్టేస్తారు, బ్యాగు మోస్తారు, "వాడికి చెవులు సరిగ్గా వినపడవు, ముందు నిలబెట్టండి" అంటారు. ఇక్కడ పిల్లల్ని నడిపేది పెద్దవాళ్ళు కారు, పెట్రోల్ లీడర్ అని ఇంకో పిల్లాడే అని చెప్పాలి. ఆరుగురో ఎనిమిది మందో కలిస్తే ఒక పెట్రోల్, కబ్బుల్లో అయితే ఆరుగురి సిక్స్. ఈ మాట నోటితో చెప్తే వాళ్ళకు ఎక్కదు. పెట్రోల్ లీడర్‌ని పిలిచి, "ఆంటీ, వీడు ఇవాళ్టి నుంచి మా దాంట్లో" అని వాడి చేతే చెప్పించండి. పన్నెండేళ్ళవాడు అలా బాధ్యతగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటే చూసి వెనక్కి తగ్గని తల్లిని నేను చూడలేదు. ఒకే ఇంటి నుంచి ఎనిమిదేళ్ళవాడు, పన్నెండేళ్ళవాడు వస్తే మాత్రం ఇద్దరూ వేర్వేరు జట్లలోకి పోతారని ముందే చెప్పండి. చిన్నవాడు ఏడుస్తాడు. రెండో వారానికి మానేస్తాడు, ఏడవడం.

క్యాంపు మాట వచ్చేసరికి ఆడపిల్లల తల్లిదండ్రులు గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. అడిగేదాకా ఆగకండి. రాత్రి బస ఎక్కడ, ఆడ లీడర్లు ఎంతమంది, బాత్రూములు ఎలా ఉన్నాయి, దగ్గర్లో ఏ ఆస్పత్రి, ఎన్నింటికి తిరిగొస్తారు, ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, వాళ్ళ అంగీకార పత్రం తీసుకోండి. ఏ లీడరూ ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదని, ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలని మీ గ్రూపు నియమంగా పెట్టుకుని, అది తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పండి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది కూడా నేరమే. ఈ మాట చెప్తే భయపడతారేమోనని కొందరు లీడర్లు దాటేస్తారు. దాటేసిన చోట నేనైతే నా మనవరాల్ని పంపను.

తిండి సంగతి కూడా ఆ కాగితంలోనే ఉండాలి. మాంసాహారం ఉంటుందా, ఉంటే హలాలా, జైనులకు ఉల్లిపాయ లేకుండా కుదురుతుందా. ఇంకొకటి, ఒకసారి ఒక తండ్రి చాలా సంకోచిస్తూ అడిగాడు, ప్రతిజ్ఞలో దేవుడి మాట ఉందట కదా, మా ఇంట్లో అలాంటివి లేవు, పరవాలేదా అని. పరవాలేదు. స్కౌట్ ప్రతిజ్ఞలో దేవుడు అన్న చోట ఇష్టమైతే ధర్మం అని చెప్పుకోవచ్చని నియమాల్లోనే ఉంది. ఇది చాలామంది లీడర్లు చెప్పరు, చెప్తే చిన్న గీత ఒకటి చెరిగిపోతుంది.

యూనిఫాం ఇప్పుడే కొనిపించకండి. మామూలు బట్టలు, కాలికి బూట్లు, అంతే. ప్రవేశ్ అయ్యాక, ప్రతిజ్ఞ చేసే రోజు యూనిఫాం వేసుకుంటారు. ఆ రోజు అమ్మానాన్నల్ని వెనక నిలబెట్టకుండా దగ్గరికి పిలవండి. స్కార్ఫ్ మీరే వెయ్యండి, అది లీడరు పని. టోపీ సరిచేసే పని మాత్రం తల్లికి వదిలెయ్యండి. డబ్బుల లెక్క కూడా దాచిపెట్టకుండా మొదటి రోజే చెప్పండి, ఏడాదికి ఎంత, క్యాంపుకి ఎంత, యూనిఫాంకి ఎంత.

వేళ గురించి ఒక మాట. ఆదివారం పొద్దున అంటే సికింద్రాబాద్ వైపు చర్చికి వెళ్ళే కుటుంబాలు చాలా ఉంటాయి. అందరికీ కుదిరే వేళ ఉండదు. నెలకు ఒక్కసారైనా శనివారం సాయంత్రం పెట్టి చూడండి, ఎవరు కొత్తగా కనపడతారో మీకే తెలుస్తుంది. ఎనిమిదో తరగతి దాటిన పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు లాక్కుపోతాయి, అది మీవల్లా ఆగదు, నావల్లా ఆగలేదు. పోయేవాళ్ళతో పోట్లాట పెట్టుకోకండి. సెలవుల్లో క్యాంపుకి పిలవండి, వస్తారు.

వాట్సాప్ గ్రూపులో కొత్తవాళ్ళను వెంటనే కలపొద్దు. రోజుకు ఎనభై గుడ్ మార్నింగ్ పూలు, మధ్యలో ఎవరిదో ఇన్సూరెన్స్ పాలసీ, వాటి కింద మీ "ఆదివారం ఏడున్నరకు రావాలి". కొత్తవాళ్ళకు వేరే గ్రూపు పెట్టి, అందులో మీరు తప్ప ఎవరూ రాయకుండా చూడండి. వారానికి ఒక్క మెసేజ్ చాలు.

వీలైతే మూడో నెలలో ఒకసారి కొత్త కుటుంబాలన్నిటినీ దోమలగూడలోని రాష్ట్ర కార్యాలయానికి తీసుకెళ్ళండి. చూడ్డానికి పెద్దగా ఏం ఉండదు. కానీ మన కాలనీ హాలులో జరిగేది ఎవరో ఒక సారు సరదా కాదని, దీనికో ఇల్లు ఉందని తెలుస్తుంది. దోవలో ఇందిరా పార్కు దగ్గర దిగి, ఎవరు తెచ్చుకున్న టిఫిను డబ్బాలు వాళ్ళు విప్పితే మధ్యాహ్నానికి ఒకరి ఇంటి పచ్చడి ఇంకొకరికి తెలిసిపోతుంది. మా దగ్గర నిలబడినవాళ్ళు చాలామంది ఆ డబ్బాల దగ్గరే నిలబడ్డారు.

రాబోయే జూన్‌కి తాడు ముక్కలు ఇప్పుడే కోయించి పెట్టుకోండి, నూలుది, మనిషికో మీటరు చాలు, నైలాను వద్దు, ముడి జారుతుంది. గేటు దగ్గర కుర్చీలు వరసగా వెయ్యొద్దు. వేస్తే కూర్చుండిపోతారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఒక నాలుగు, వేప చెట్టో ఏదో ఉంటే దాని కింద, లోపలి వైపు వేయించండి.